సినిమాల్లో తోడేలు మనిషి: నిజంగా ప్రమాదమా, పాపం అనాలా?

బీటీఎం_బాబ్జీ | శనివారం ఉదయం 10:12

రాత్రి మా పీజీలో పెద్ద గొడవైంది. ఓనరు పైకొచ్చి తలుపు కొట్టేదాకా వెళ్లింది. విషయం వింటే నవ్వుతారు.

శుక్రవారం కదా అని నలుగురం కూర్చుని 1941లో వచ్చిన ‘ది వుల్ఫ్ మ్యాన్’ పెట్టాం. నలుపు తెలుపు సినిమా, గంటా పది నిమిషాల్లో అయిపోతుంది. అమెరికాలో 18 ఏళ్లుండి ఇంటికొచ్చిన లారీ అనే అతను, ఒక ఆడపిల్లను కాపాడబోయి తోడేలు కాటు తింటాడు. అప్పట్నుంచి రాత్రుళ్లు తనే తోడేలవుతాడు. చివరికి కన్నతండ్రే, కొడుకని తెలియక, వెండిపిడి కర్రతో కొట్టి చంపుతాడు. చచ్చాక మొహం మీది జుట్టు మెల్లగా మాయమై కొడుకు మొహం బయటపడుతుంది. నాకు గొంతు పట్టేసింది.

నా రూమ్మేట్ పాప్‌కార్న్ నములుతూ "పీడా పోయింది" అన్నాడు.

అక్కడ మొదలైంది. కావాలని అయ్యాడా వాడు అని నేను. కావాలనో వద్దనో, చచ్చినోళ్లు చచ్చారు కదా అని వాడు. పొద్దున్నుంచి ఇద్దరం మాట్లాడుకోవట్లేదు. ఇడ్లీలు కూడా విడివిడిగా తెచ్చుకున్నాం. మీరే తీర్పు చెప్పండి. తోడేలు మనిషి నిజంగా దుర్మార్గుడా, మనమే అపార్థం చేసుకుంటున్నామా?

గుమ్మడికాయ | 10:31

నాది మీ రూమ్మేట్ పార్టీ.

ఆ సినిమాలో సమాధులు తవ్వే ఆయన ఉంటాడు, గుర్తుందా? లారీ తోడేలయ్యాక మొదట చచ్చేది ఆయనే. ఆయనకి పెళ్లాం ఉందా, పిల్లలున్నారా, సినిమా ఒక్క ముక్క చెప్పదు. రెండు నిమిషాల్లో వచ్చి పోయాడు. లారీ ఏడుపు మాత్రం సినిమా అంతా చూపించారు. కెమెరా ఎటుంటే మన జాలి అటు. సమాధులు తవ్వేవాడి ఇంట్లో కెమెరా పెట్టి ఇదే కథ తీస్తే, బాబ్జీ, నువ్వే కర్ర పట్టుకుని బయల్దేరతావు.

నిమ్మసోడా | 10:40

నా సందేహం వేరు. వీళ్లు పౌర్ణమికి ఎందుకు భయపడతారు? మనింట్లో పౌర్ణమి అంటే సత్యనారాయణ వ్రతం, రవ్వ ప్రసాదం. భయపడితే అమావాస్యకి భయపడాలి. మా ఆఫీసు పక్క బేకరీవాడు అమావాస్య వస్తే బూడిద గుమ్మడికాయకి కుంకుమ పూసి రోడ్డు మధ్యలో పగలగొడతాడు. ఆ ముక్క మీద నా స్కూటీ జారి మోకాలు చెక్కుకుపోయింది. ఇప్పటిదాకా నన్ను గాయపరిచిన ఏకైక క్షుద్రశక్తి అదే.

(యూజర్ గుమ్మడికాయ గారూ, మిమ్మల్ని కాదు.)

మాస్టారు_మల్లేశ్వరం | 11:55

నిమ్మసోడా అడిగిన ప్రశ్న చిన్నది కాదు. 1941 సినిమాలో పౌర్ణమి నియమం అంత గట్టిగా లేదు. అందులో ఊరివాళ్లందరికీ నోటికొచ్చిన పద్యం ఒకటుంటుంది. పవిత్రుడైనవాడు కూడా ఫలానా పువ్వు పూసే కాలంలో, శరత్కాలపు చంద్రుడు వెలిగేటప్పుడు తోడేలు కావచ్చని దాని భావం. చాలామంది అది ఏ శతాబ్దం నాటిదో అనుకుంటారు. సినిమా కథ రాసిన కర్ట్ సియోద్‌మాక్ సొంతంగా కట్టిన పద్యం అది. 1943లో వచ్చిన తర్వాతి సినిమాలో దాన్నే మార్చి నిండు చంద్రుణ్ణి పెట్టారు. వెండితోనే చస్తాడన్న మాట జనంలో పాతుకుపోవడానికీ ఈ సినిమాలే ముఖ్య కారణం.

ఈ సియోద్‌మాక్ డ్రెస్డెన్‌లో పుట్టిన యూదుడు. హిట్లర్ అధికారంలోకి వచ్చాక దేశం వదిలి వెళ్లిపోయాడు. ఆ సినిమాలో తోడేలు మనిషికి, తను చంపబోయేవాళ్ల అరచేతిలో నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. నక్షత్రం గుర్తు పెట్టి మనుషుల్ని వేటాడిన దేశం నుంచి పారిపోయి వచ్చినవాడు రాసిన కథలో ఆ గుర్తు ఊరికే వచ్చిందని నేననుకోను. పక్కింటివాడు, నిన్నటిదాకా పలకరించినవాడు, రాత్రికి రాత్రి మృగమైపోవడం ఆయన కళ్లారా చూసిందే కదా.

ఇక మన వైపు. ఆంగ్లంలో తోడేలు మనిషిని వేర్‌వుల్ఫ్ అంటారు, ఆ మాటలో మొదటి సగానికి పాత అర్థం ‘మనిషి’. అంటే నరవృకం. మనకి నరసింహం ఉంది. సగం మనిషి, సగం మృగం అంటే వాళ్లకి శాపం, మనకి దేవుడు. అయినా మన పెద్దలు ఆ దేవుణ్ణీ ఊరికే వదల్లేదు. సింహాచలంలో ఏడాది పొడుగునా స్వామిని చందనం పూతలో ఉంచి, అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే నిజరూపం చూపిస్తారు. ఉగ్రాన్ని పూజిస్తూనే చల్లార్చి ఉంచడమన్నమాట.

వృకోదరుడు అంటే ఎవరో చెప్పక్కర్లేదు. తోడేలు కడుపువాడు. మన భీముడే. ఎవరికైనా భీముడంటే భయమా?

నిమ్మసోడా | 12:03

దుశ్శాసనుడికి.

గుమ్మడికాయ | 12:10

మాస్టారూ, నమస్తే. నరసింహస్వామి స్తంభంలోంచి వచ్చి హిరణ్యకశిపుణ్ణే పట్టుకున్నాడు. పక్కనున్న వంటవాణ్ణి, తోటమాలిని పీకలేదు. తేడా అక్కడుంది. మృగమయ్యాక కూడా ఎవర్ని పట్టుకోవాలో తెలిస్తే దేవుడు, తెలియకపోతే తోడేలు.

మాస్టారు_మల్లేశ్వరం | 12:48

బాగా పట్టుకున్నారు. అయితే తెలియనివాడు కూడా మన దగ్గర ఉన్నాడు. కల్మాషపాదుడనే రాజు. భారతం ఆదిపర్వంలో వస్తాడు.

రాజు వేట నుంచి అలసిపోయి వస్తున్నాడు. దారి ఇరుకు. ఎదురుగా వసిష్ఠుడి కొడుకు శక్తి. నువ్వు తప్పుకో అంటే నువ్వు తప్పుకో. మాటా మాటా పెరిగి రాజు కొరడాతో కొట్టాడు. రాక్షసుడివై నరమాంసం తింటూ తిరుగు అని శక్తి శపించాడు. వసిష్ఠుడి మీద పగతో విశ్వామిత్రుడు ఒక రాక్షసుణ్ణి రాజు ఒంట్లోకి పంపాడు. రాజు మొదట తిన్నది శాపమిచ్చిన శక్తినే. తర్వాత మిగతా కొడుకుల్ని కూడా. పన్నెండేళ్లయ్యాక, కొడుకులందర్నీ పోగొట్టుకున్న ఆ వసిష్ఠుడే మంత్రజలం చల్లి రాజుని మామూలు మనిషిని చేశాడు.

వెండి తూటా లేదు, కర్ర లేదు. చెంబెడు నీళ్లు. కానీ అది చల్లడానికి వసిష్ఠుడంతటివాడు కావాల్సి వచ్చింది.

బీటీఎం_బాబ్జీ | 12:55

ఇరుకు రోడ్డులో దారి ఇవ్వలేదని ఇంత కథా? మన బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర రోజూ సాయంత్రం వందమంది కల్మాషపాదులు పుడుతున్నారు మాస్టారూ. ఒన్‌వేలో ఎదురొచ్చి మళ్లీ నన్నే తిడతారు.

వెన్నెల_బెళ్లందూరు | మధ్యాహ్నం 2:20

మీ చర్చలో అందరూ మగ తోడేళ్లే. కెనడావాళ్లు 2000లో తీసిన ‘జింజర్ స్నాప్స్’ చూడండి. అక్కచెల్లెళ్ల కథ. అక్కకి మొదటిసారి నెలసరి వచ్చిన రాత్రే తోడేలు కరుస్తుంది. తర్వాత ఒంటి మీద వచ్చే ప్రతి మార్పుకీ పెద్దవాళ్లు చెప్పే జవాబు ఒకటే, ఇదంతా మామూలేనమ్మా అని. ఆ పిల్ల నిజంగా తోడేలవుతోందని చెల్లెలికి తప్ప ఎవరికీ పట్టదు.

నేను పెద్దమనిషినైనప్పుడు మా నాయనమ్మ నన్ను హాలు పక్క చిన్న గదిలో కూర్చోబెట్టింది. ఒక చాప, ఒక కంచం, ఒక గ్లాసు. పచ్చడి జాడీ వైపు వెళ్లొద్దు, తులసికోట ముట్టుకోవద్దు. తమ్ముడు తలుపు దగ్గరకొస్తే వాణ్ణి వెనక్కి లాగేది. తర్వాత పదేళ్లు నెలకి మూడు రోజులు అదే వరస. ఇరవై ఎనిమిది రోజుల లెక్క. పౌర్ణమి సినిమాలు చూసినప్పుడల్లా నాకు ఆ గదే గుర్తొస్తుంది. నేను ఎవర్నీ కరవలేదు. పచ్చడీ పాడవలేదు, ఎందుకంటే ఒకసారి కావాలనే ముట్టుకుని చూశా. ఏడాదంతా తిన్నారు.

కాబట్టి అపార్థం చేసుకున్నామా అని ఎవరైనా అడిగితే నా ప్రశ్న ఇది. ఎవరు ప్రమాదమో తేల్చింది ఎవరు?

అలాగని సినిమాలో అక్క అమాయకురాలేం కాదు. చంపుతుంది, పైగా అందులో సుఖం ఉందని చెల్లెలితో చెప్తుంది. ఆ సినిమా నాకు నచ్చింది అందుకే.

మోడరేటర్ | 2:41

ముగింపులు చెప్పేముందు హెచ్చరిక పెట్టండి. 1941 సినిమాకి అక్కర్లేదు, 80 ఏళ్లు దాటింది.

ఓబులేసు_కళ్యాణదుర్గం | సాయంత్రం 4:05

నేను కె.ఆర్.పురంలో ఉంటా, ఊరు కళ్యాణదుర్గం దగ్గర. సినిమా తోడేలు గురించి నాకు పెద్దగా తెలీదు. అసలు తోడేలు గురించి చెప్తా.

మా తాతకి నూటయాభై గొర్రెలుండేవి. కోతలయ్యాక రైతుల చేలల్లో మంద కట్టేవాళ్లు, ఎరువు కోసం రైతులే పిలిచేవాళ్లు. రాత్రి మంద చుట్టూ వల, నాలుగు మూలలా నలుగురు, గొంగళి కప్పుకుని. తోడేళ్లు సాధారణంగా జంటగా వస్తాయి. ఒకటి కుక్కలకి కనపడేలా ఒకవైపు పరుగెత్తుతుంది. కుక్కలన్నీ దాని వెంట పడితే రెండోది ఇంకోవైపు నుంచి పిల్లని ఎత్తుకుపోతుంది. నేను చూసింది ఒక్కసారే, పదేళ్ల వయసులో. గొర్రెలు అరవలేదు. మంద మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమై ఒకవైపుకి జరిగింది. తాత లేచి గొంగళి విదిలించేలోపు అయిపోయింది. పొద్దున చూస్తే వల పక్కన ఇసకలో ఈడ్చిన గీత, పావలా బిళ్లంత రక్తం. అంతే.

ఆ ఏడాదే వంకలో దాని పిల్లలున్న బొరియ తాతకి కనపడింది. మిగతా కాపర్లు పొగపెట్టి చంపుదాం అన్నారు. తాత వద్దన్నాడు. జాలితో కాదు. "ఇది ఈడుంటే యాడ తిరుగుతాదో నాకు తెలుసు. దీన్ని సంపితే కొత్తది వస్తాది. దాని నడక మళ్లా నేర్సుకోవాల" అన్నాడు. సంవత్సరానికి నాలుగైదు పిల్లలు తోడేలు వాటా అని లెక్కలో ముందే తీసేసేవాడు. దానిమీద కోపం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. పడుకునేటప్పుడు కర్ర కుడిచేతి కిందే ఉండేది.

మా వైపు కాపర్ల నోట తోడేలు మనిషి కథ నేనెప్పుడూ వినలేదు. రోజూ చూసేదాంతో దయ్యం కథ కట్టలేరేమో.

పశువైద్యుడు_హెబ్బాళ | 5:30

ఓబులేసు చెప్పింది అక్షరాలా నిజం. నాలుగు మాటలు కలుపుతా.

సినిమా తోడేలు ఒంటరి, ఉన్మాది. అసలు తోడేళ్ల గుంపు అంటే అమ్మ, నాన్న, పిల్లలు. కొట్లాడి గెలిచి గుంపుని ఏలే నాయకుడు ‘ఆల్ఫా’ అంటూ మోటివేషన్ వీడియోల్లో చెప్పే కథకి మూలం, ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లని జూలో ఒకేచోట పెట్టి గమనించిన పాత పరిశీలన. ఆ మాటని తన పుస్తకంతో బాగా ప్రచారం చేసిన శాస్త్రవేత్త డేవిడ్ మీచ్ తర్వాత తనే, అడవిలో అలా ఉండదు, ఆ పదం వాడొద్దు అన్నాడు. చంద్రుణ్ణి చూసి అరవడం కూడా కాదు, అవి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. మన దేశంలో తోడేలుకి పులితో సమానంగా వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. చాలామంది దాన్ని నక్క అనుకుంటారు.

కాటు సంగతి. పాత ఐరోపా కథల్లో తోలు పట్టీ కట్టుకునో, లేపనం పూసుకునో తోడేలయ్యేవాళ్లు. కరిస్తే అంటుకోవడం అన్నది ఎక్కువగా సినిమాలు తెచ్చిందే, 1935లో వచ్చిన ‘వేర్‌వుల్ఫ్ ఆఫ్ లండన్’ నుంచీ. కానీ కాటుతో అంటుకుని మనిషిని మార్చేసే జబ్బు ఒకటి నిజంగానే ఉంది. రేబిస్. గాయం మానిపోతుంది, మనిషి మామూలుగా తిరుగుతుంటాడు, కొన్ని వారాలకో నెలలకో నీళ్లు చూస్తే వణుకు, గాలి తగిలితే వణుకు, ఉద్రేకం. లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. ఆ దశలో మనిషి మధ్యమధ్యలో పూర్తి తెలివితో మాట్లాడతాడు కూడా. నేను ఒక్కసారి చూశాను, చదువుకునే రోజుల్లో. అప్పట్నుంచి ఈ సినిమాలు నాకు సరదాగా అనిపించవు.

ఇక్కడ రాత్రి షిఫ్టు నుంచి బండి మీద వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. కుక్క కరిస్తే కారే నీళ్ల కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి, వెంటనే టీకాకి వెళ్లండి. పసుపు, కారం, ఆకుపసరు పెట్టకండి. చిన్న గీతే కదా అని ఊరుకోకండి.

నిమ్మసోడా | 5:36

గీతకి కూడానా? అడుగుతున్నది ఒక ఫ్రెండు కోసం.

పశువైద్యుడు_హెబ్బాళ | 5:38

గీతకి కూడా. ఇవాళే. ఫ్రెండుకి చెప్పండి.

గుమ్మడికాయ | 6:15

ఓబులేసన్నా, తాత మాట బాగుంది. కానీ 2024లో ఉత్తరప్రదేశ్‌లోని బహ్రాయిచ్ పల్లెల్లో తోడేళ్లు ఇళ్లలో నిద్రపోతున్న పిల్లల్ని ఎత్తుకుపోయాయి. అక్కడి అమ్మల దగ్గరకెళ్లి తోడేళ్లని అపార్థం చేసుకోవద్దు అనగలమా? 2022లో తెలుగులోకి ‘తోడేలు’ అని డబ్ చేసి వదిలిన హిందీ సినిమాలో తోడేలు అడవిని కాపాడుతుంది, రోడ్డు కోసం చెట్లు కొట్టేవాళ్లనే పట్టుకుంటుంది. వినడానికి బాగుంది. నిజంలో అది కాంట్రాక్టర్ని వదిలేసి, తలుపు లేని ఇంట్లో పడుకున్న పిల్లని పట్టుకుంటుంది.

ఓబులేసు_కళ్యాణదుర్గం | 6:50

అనలేం తమ్ముడూ. నేనూ అనలేదు. కర్ర కుడిచేతి కిందే ఉండేదని రాశా కదా.

తలుపు లేని ఇల్లు అన్నావు చూడు, ఆ మాట దగ్గర కొంచెం ఆగు.

మాస్టారు_మల్లేశ్వరం | 7:25

చరిత్రలో కూడా రెండు రకాలూ ఉన్నాయి. 1589లో జర్మనీలో కొలోన్ దగ్గర పీటర్ స్టంప్ అనే రైతుని తోడేలు మనిషి అని ఘోరంగా చంపారు. నేరం ఒప్పుకున్నాడన్నారు, చిత్రహింసలకి భయపడినవాడు ఏదైనా ఒప్పుకుంటాడు. ఇంకో వందేళ్లకి, 1691లో, ఇప్పటి లాట్వియా ప్రాంతంలో థీస్ అనే ఎనభై దాటిన ముసలాయన కోర్టులో ఎవరూ బలవంతపెట్టకుండానే, అవును, నేను తోడేలునే అన్నాడు. అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేస్తే ఆయన చెప్పింది ఏమిటంటే, మేం దేవుడి వేటకుక్కలం, ఏడాదికి మూడుసార్లు నరకానికి వెళ్లి, మంత్రగాళ్లు ఎత్తుకుపోయిన పంట విత్తనాలని తిరిగి తెస్తాం, మేం వెళ్లకపోతే ఊళ్లో పంట పండదు అని. న్యాయాధికారులు నమ్మలేదు. కొరడా దెబ్బలు కొట్టించి ఊరి నుంచి వెళ్లగొట్టారు.

నాకు ఆ ముసలాయన మీద తెగ అభిమానం. మాట మార్చుకోమని పాదిరి బతిమాలినా మార్చుకోలేదు.

బీటీఎం_బాబ్జీ | రాత్రి 9:02

ఇదంతా రూమ్మేట్‌కి చదివి వినిపించా (మాట్లాడుకుంటున్నాం, బిర్యానీకి కలిసే ఆర్డర్ పెట్టాలి కాబట్టి). వాడు ఇంకో సినిమా ఎత్తాడు. జాన్ లాండిస్ 1981లో తీసిన ‘యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్’. ఇద్దరు అమెరికా కుర్రాళ్లు ఇంగ్లండ్ పల్లెటూళ్లో పబ్బుకి వెళ్తారు. ఊళ్లో అందరికీ తోడేలు సంగతి తెలుసు. దారి వదలొద్దు అని పొడిమాట ఒకటి చెప్పి, ఆ రాత్రివేళ ఇద్దర్నీ బయటికి పంపేస్తారు. ఒకడు చస్తాడు, ఇంకొకడు కాటుతో బతుకుతాడు. మరి ఎవరు ప్రమాదం? తోడేలా, తెలిసి నోరు మూసుకున్న ఊరా?

మారిపోయే సీను అయితే చూసి తీరాలి. చీకటి లేదు, పొగ లేదు. మామూలు ఇంటి హాల్లో, లైట్ల వెలుగులో, ఎముకలు సాగుతుంటే వాడు నొప్పితో కేకలు పెడతాడు. రిక్ బేకర్‌కి దానికే ఆస్కార్ వచ్చింది, మేకప్‌కి విడిగా అవార్డు పెట్టిన మొదటి ఏడాది. అది చూశాక పాపం అనకుండా ఉండలేం.

నిమ్మసోడా | 9:10

ఆ లాండిస్, బేకర్ ఇద్దరే తర్వాత 1983లో మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ చేశారు. అందులోనూ మొదట అమ్మాయి ముందే మృగమైపోతాడు. దాని ఊపులోనే మన చిరంజీవి ‘దొంగ’లో గోలీమార్ పాట. తెలుగువాళ్లకి ఈ భయం అక్కడే మొదలు. చిన్నప్పుడు ఆ పాట వస్తే నేను మంచం కింద. మా అక్క మంచం మీద స్టెప్పులు.

రాత్రిడ్యూటీ | 11:48

రెండేళ్లుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. క్యాబ్‌లో ఉన్నా, తప్పులుంటే సర్దుకోండి.

మా నాన్న మిల్లులో పనిచేసేవాడు. నెలలో ఇరవై ఎనిమిది రోజులు ఆయనంత మంచివాడు మా వీధిలో లేడు. నాకు జడ వేసేవాడు, అమ్మకి ఒంట్లో బాగోకపోతే పప్పు ఉడకేసేవాడు. జీతం రోజు, దాని మర్నాడు మాత్రం తాగి వచ్చేవాడు. ఆ రోజు సాయంత్రం అయిదింటికే అమ్మ స్టీలు గిన్నెలన్నీ అటక మీదకి ఎక్కించేసేది. విసిరితే పెద్ద చప్పుడు, పక్కింటివాళ్లు వింటారని. కింద ప్లాస్టిక్ మగ్గులు మాత్రమే ఉంచేది. ఇప్పటికీ ఎవరైనా అటక మీద గిన్నెలు సర్దుతుంటే నా కడుపులో తిప్పుతుంది.

పొద్దున లేచి ఏమీ గుర్తులేదనేవాడు. నిజంగానే గుర్తుండేది కాదేమో. మెట్ల మీద కూర్చుని ఏడ్చేవాడు. అందరూ పాపం అనేవాళ్లు, మా నాయనమ్మ, మేనత్తలు, గుడి పూజారి. మంచివాడే, తాగితేనే అలా, అర్థం చేసుకోవాలి అని. అమ్మ అర్థం చేసుకుంటూనే ఉంది. ఆమె మణికట్టు విరిగిన నెలలో కూడా.

అందుకే ఇక్కడ అపార్థం అన్న మాట చూసి ఆగలేకపోయా. ఆయన్ని మేం అపార్థం చేసుకోలేదు. పూర్తిగా అర్థమయ్యాడు. మంచివాడు కూడా నిజమే, ప్రమాదం కూడా నిజమే. గిన్నెలు రెండో నాన్న కోసం అటకెక్కేవి.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక జీతం రోజున ఆయన తాగకుండా వచ్చాడు. కవరు లేదు. దారిలో మా మేనమామ కొట్టు దగ్గర ఆగి, జీతం మొత్తం ఆయన చేతిలో పెట్టి, నేనడిగినా ఇవ్వొద్దు, కాళ్లు పట్టుకున్నా ఇవ్వొద్దు అని చెప్పి వచ్చాడట. రెండ్రోజులు వణుకుతూ ఇంట్లో పడుకున్నాడు. తర్వాత ప్రతి నెలా అలాగే చేశాడని చెప్పను. మధ్యలో మామయ్యతో గొడవపడి లాక్కున్న నెలలున్నాయి. అయినా ఎక్కువ నెలలు ఇచ్చాడు.

నాకు ఆయన మీద జాలి మొదలైంది ఆ రోజే. అంతకుముందు మెట్ల మీద ఏడ్చినప్పుడు ఎప్పుడూ కలగలేదు.

మోడరేటర్ | ఆదివారం ఉదయం 7:05

చదివాను. దీని కింద జోకులు వద్దు ప్లీజ్.

వెన్నెల_బెళ్లందూరు | 7:40

గిన్నెల మాట దగ్గర రెండుసార్లు ఆగిపోయాను. అమ్మ ఎలా ఉన్నారు?

రాత్రిడ్యూటీ | 8:15

బాగున్నారు. ఇప్పుడు నా దగ్గరే, బెంగళూరులో. నాన్న పోయి ఆరేళ్లు. గిన్నెలు కిందే ఉంటాయి.

గుమ్మడికాయ | 8:52

రాత్రిడ్యూటీ గారూ, నిన్నట్నుంచి కెమెరా ఇంకో వైపు పెట్టి చూడండి అని అరుస్తున్నది నేనే. మీరు పెట్టి చూపించారు. ఇందులో వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఒక్కటి మాత్రం సరిచేసుకుంటా. బాబ్జీ చెప్పిన 1981 సినిమా రాత్రి మళ్లీ చూశా. తెల్లారాక తను ఏం చేశాడో తెలిసిన కుర్రాడు ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పోలీసు దగ్గరకెళ్లి, నన్ను అరెస్టు చెయ్యండి, రాత్రి మనుషుల్ని చంపింది నేనే అని బతిమాలతాడు. పోలీసు నమ్మడు, గోల చేయకుండా పొమ్మంటాడు. ఎంత కేకలు వేసినా ఎవరూ పట్టుకోరు. మొదటిసారి చూసినప్పుడు కామెడీ సీను అనుకుని నవ్వా. రాత్రి నవ్వు రాలేదు. ఇవ్వడానికి కవరు ఉంది, పుచ్చుకునే మేనమామ లేడు.

బీటీఎం_బాబ్జీ | 9:30

అన్నా, ఆగు. అలాంటి సీనే 1941 సినిమాలో కూడా ఉంది, మేమిద్దరం కొట్టుకుంటూ వదిలేశాం. ఇప్పుడే వెనక్కి తిప్పి చూశా.

చివరి రాత్రి తండ్రి లారీని కుర్చీకి పట్టీలతో కట్టేస్తాడు. ఇదంతా నీ భ్రమ, ఇక్కడే కూర్చుని చూడు అని. ఊరివాళ్లతో వేటకి బయల్దేరుతుంటాడు. అప్పుడు కుర్చీలో కట్టేసి ఉన్న కొడుకు, వెండిపిడి కర్ర నువ్వు తీసుకెళ్లు నాన్నా అని బతిమాలి మరీ ఇప్పిస్తాడు. దాంతోనే తను చస్తాడు. తండ్రి నమ్మకపోయినా పట్టుకెళ్తాడు.

రూమ్మేట్‌కి చూపించా. పీడా పోయింది అనలేదు. "ఆ పట్టీలు గట్టిగా కట్టాల్సింది" అన్నాడు. ఇప్పుడు దానిమీద కొత్త గొడవ. తండ్రికి నమ్మకం లేదు కాబట్టే వదులుగా కట్టాడని వాడు, కొడుకని చెయ్యి రాలేదని నేను.

మాస్టారు_మల్లేశ్వరం | 10:20

రెండూ కావచ్చు. నేనూ ఇద్దరు కొడుకుల తండ్రినే.

ఓబులేసు_కళ్యాణదుర్గం | 10:45

ఇన్ని చెప్పారు, నాకూ చూడాలనుంది. నాకు ఇంగ్లీషు సినిమా స్పీడు అందదు, పక్కన ఎవరైనా చెప్తుండాలి. ఇవాళ సాయంత్రం మా ఇంట్లో పెట్టుకుందామా? టీవీ పెద్దదే. పైన ఓనరు లేడు, ఊరెళ్లాడు. మా ఆవిడ ఉగ్గాని, బజ్జీ చేస్తానంది.

నిమ్మసోడా | 10:47

ఉగ్గాని అంటే తోడేలైనా వస్తుంది. నేను వస్తా. టీకా వేయించుకునే వస్తా డాక్టరు గారూ, చీటీ కూడా చూపిస్తా.

రాత్రిడ్యూటీ | 11:30

ఇవాళ నాకు వీక్ ఆఫ్. ఎన్నింటికి? ఆ కర్ర ఇచ్చే సీను చూడాలి. అమ్మని కూడా తీసుకురావచ్చా?

ఓబులేసు_కళ్యాణదుర్గం | 11:34

అయిదింటికి. అమ్మని తప్పకుండా తీసుకురండి, మెట్లు తక్కువే. లొకేషన్ మెసేజ్ పెడతా. గేటు దగ్గర నల్ల కుక్క పడుకుని ఉంటుంది, అరుస్తుంది గానీ ఏమీ అనదు, టీకాలన్నీ వేయించా. పేరు భీముడు. ఒక బిస్కెట్ ప్యాకెట్ పట్టుకురండి చాలు.